పసుపు దీపం మీద కాగితం

"ఆ గోడ మీద చెయ్యి వేస్తే ఊరుకోను" అంది డైరెక్టరమ్మ మిలుషెవా.

అప్పటికే పర్వాన్ పెన్సిలుతో గోడకు నాలుగు మూలలా గుర్తులు పెట్టేశాడు. డ్రిల్లు మిషను చేతిలో ఉంది. మా వృద్ధాశ్రమం గుమ్మం దాటగానే ఎడమ పక్క వాచ్‌మన్ గది, దాన్ని ఆనుకుని ఆ గోడ. తగువంటే చెవి కోసుకుంటాను, అబద్ధమెందుకు. చిక్కుడు గింజల కుండ కింద మంట తగ్గించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాను.

నిప్పు అంటుకుంటే ఇంటికి చెప్పే పెట్టె బిగించడానికి కంపెనీ పంపిన మనిషి అతను. అంతవరకు అతని పేరు కూడా మాకు తెలియదు. బక్క మనిషి, బుర్ర మీసాలు, చెప్పింది వినే మొహం కాదు.

"నా గదిలో పెట్టు. వచ్చేపోయేవాళ్ళకి అది కనిపిస్తే భయపడతారు. ఇక్కడ మంటలొస్తాయి కాబోలు అనుకుంటారు" అంది డైరెక్టరమ్మ.

"మీరు సాయంత్రం ఇంటికి పోతారా అమ్మా?"

"పోనా మరి? ఇక్కడే కాపరం పెట్టనా?"

"పోతూ గదికి తాళం వేస్తారా?"

"వేస్తాను. లోపల కంప్యూటరుంది."

"అయితే మీరు పోయాక ఈ ఇల్లు కాలితే ఆ సంగతి మీ కుర్చీకి తెలుస్తుంది. కుర్చీ లేచొచ్చి వీళ్ళని లేపుతుందేమో, నాకు తెలీదు. మీ కుర్చీ సంగతి మీకే తెలియాలి."

పళ్ళు లేని దెల్చో తాత కిసుక్కున నవ్వాడు. అతన్ని చూసి పక్కనున్న ముసలమ్మలు నవ్వారు. డైరెక్టరమ్మ మొహం బీట్‌రూటు దుంప అయింది. కానీ నవ్వినవాళ్ళే వెంటనే అడ్డం తిరిగారు. ఎందుకంటే ఆ గోడ ఆవిడదీ కాదు, పర్వాన్‌దీ కాదు. చచ్చినవాళ్ళది. ఇంట్లో ఎవరు పోయినా, ఎవరి మొగుడు పోయినా, ఫోటో వేసి అచ్చు కొట్టించిన కాగితం ఆ గోడకే అంటిస్తాం. నలభయ్యో రోజుకొకటి, ఏడాదికొకటి, మూడేళ్ళకొకటి. అంటించడమే గాని పీకడం ఉండదు. వీధి గోడలకి అంటించినవైతే వానా గాలీ పీక్కుపోతాయి. లోపల వాన ఎక్కడిది? ఒకరి మీద ఒకరు, పొరలు పొరలుగా చూస్తూ ఉంటారు.

"నా తమ్ముడి మొహం మీద మేకు కొడతావురా?" అని దెల్చో తాత కర్ర ఎత్తాడు.

"మీ తమ్ముడికి ఊరంతా గోడలున్నాయి తాతా, బస్‌స్టాపులున్నాయి, కరెంటు స్తంభాలున్నాయి. బతికున్నవాళ్ళకి నేనడుగుతున్నది జానెడు. అది కూడా ఇవ్వరా?"

"పీకితే పాపం."

"ఆ పాపం నా పద్దులో రాసుకోండి."

అని నా వైపు తిరిగి, "వంటమ్మా, గోరువెచ్చటి నీళ్ళు ఒక గిన్నెడు" అన్నాడు. నేను ఎవరి మాటా ఊరికే వినే రకం కాదు, కానీ తెచ్చిచ్చాను. ఒక్కొక్క కాగితాన్ని తడిపి, కత్తి వెన్నుతో అంచు లేపి, చిరగకుండా ఊడదీసి, ఎదుటి గోడకు వరస తప్పకుండా అంటించాడు. మొహం మీద ముడత పడితే బొటనవేలితో సరిచేశాడు. సగం అయ్యేసరికి దెల్చో తాత కర్ర దించేశాడు. అంతా అయ్యేసరికి డైరెక్టరమ్మ తన గదిలోకి పోయి తలుపేసుకుంది. మా ఇంట్లో ఆవిడ మీద గెలిచినవాణ్ణి నేను చూడడం అదే మొదలు.

ఆ పెట్టె ఏం చేస్తుందో నాకు చెప్పింది కూడా అతనే, నా వంటింట్లో కూర్చుని నా చిక్కుళ్ళ పులుసు తింటూ. "అన్నదమ్ములు అనుకో గీనా అక్కా. అన్న నేలమాళిగలో ఉంటాడు. పైకప్పులకి బిగించిన ఆ తెల్ల గిన్నెలన్నీ పొగ వాసన పట్టి వాడికి చెప్తాయి. వాడికి బుద్ధి ఉంది గానీ గొంతు లేదు, పాతాళంలో అరిస్తే ఎవడు వింటాడు? అందుకని గుమ్మం దగ్గర తమ్ముడు. అన్నకి తెలిసిందంతా తమ్ముడి మొహంలో కనపడుతుంది. అరిచేది వాడే." ఇద్దరినీ కలిపే వైరు కోసం నేలమాళిగ నుంచి పైకి బొక్క కొట్టాడు. మా ఇల్లు ఒకప్పటి పొగాకు గోదాము. ఆ గోడలు మూరెడు మందం. ధూళి నా రొట్టెల పిండి మీద పడిందని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

తమ్ముడి మొహం అంటే చిన్న రేకు డబ్బా, దానికి పైన దీపాల వరస, కింద గాజు కిటికీ. ఆకుపచ్చ దీపం వెలుగుతుంటే ఇల్లు క్షేమం. ఎర్రది వెలిగితే ఏ వరస గదుల్లోనో పొగ, గీమని అరుపు. పసుపుది వెలిగితే ఏదో లైను పాడైందనో, ఎవరో కావాలని ఆపారనో. ఎర్రది వెలిగితేనే కిటికీలో అక్షరాలు వస్తాయి. కంపెనీ వాళ్ళు 'రెండో లైను, మూడో లైను' అని పెట్టమన్నారట. పర్వాన్ పెట్టలేదు. "పరిగెత్తేవాడికి లెక్కలెందుకు?" అని 'వంటిల్లు', 'మెట్లు', 'తోట వైపు గదులు', 'దీపాల గది' అని మా ఇంట్లో ఎలా పిలుచుకుంటామో అలాగే ఎక్కించాడు. దీపాల గది అంటే కొవ్వొత్తులు వెలిగించుకునే చిన్న గది. గోడ మీద రెండు పటాలు, మధ్యలో ఇసక తొట్టి. ఆ గదీ, దాని పక్క మూడు పడక గదులూ ఒకే లైను. వేరువేరుగా లాగితే ఖర్చని పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఒక లైను అంటే ఒక దీపం, ఒక మీట. ఆపితే అన్నీ ఆగుతాయి.

పర్వాన్ దునావ్ నది ఒడ్డున ఓడల కార్ఖానాలో కరెంటు పనిలో పెరిగాడు. ఓడ నడిపేవాడి ముందు కూడా ఇలాంటి బోర్డే ఉంటుందట, కింద ఇంజను గదిలో నిప్పు పుడితే పైన తెలియడానికి. "ఓడలో నిప్పు పుడితే వీధిలోకి పరిగెత్తలేవు కదా అక్కా. అందుకని ఆ బోర్డు కన్ను మూయకూడదు" అనేవాడు. కార్ఖానా మూతపడింది. ఊళ్ళో సగం మంది మొగాళ్ళు మందు కొట్టారు, సగం మంది ఆడవాళ్ళు ఇటలీ పోయారు. పర్వాన్ పెళ్ళాం వెసా కూడా పోయింది, అక్కడెవరో దొరసాని తల్లిని కనిపెట్టుకుని ఉండడానికి. పరాయి ముసలిదాన్ని నడిపించి, కడిగి, తినిపించి, తన ఒంట్లో ఏముందో చూసుకోలేదు. తిరిగొచ్చేసరికి పసుపు పచ్చగా వచ్చింది. ఆసుపత్రిలో ఎక్కువ రోజులు లేదు, కన్ను మూసింది. పిల్లల్లేరు.

ఆ తరవాత అతను కంపెనీ పని వదిలేసి మా దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ఎందుకురా అంటే, "నేను పెట్టిన పెట్టె ఇక్కడే కదా ఉంది" అన్నాడు.

రోజూ పొద్దున మీట నొక్కి దీపాలన్నీ ఒకసారి వెలిగించి చూసేవాడు. గీమని ఒక్క అరుపు. ముసలాళ్ళు ఆ అరుపుకి మందులు వేసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఒక వేసవిలో ఏదో పురుగు తెల్ల గిన్నెలోకి దూరి తోట వైపు గదులు ఎర్రబడ్డాయి. ముసలమ్మలు రాత్రి గౌన్లతో ముంగిట్లోకి వచ్చి, ఏమీ కాలలేదని తెలిసి పర్వాన్‌ని శాపనార్థాలు పెట్టారు. "తిట్టండమ్మా తిట్టండి, తిట్టడానికి ఊపిరుంది కదా, అదే చాలు" అన్నాడు.

నాకూ అతనికీ పడిన యుద్ధం మాత్రం మిరపకాయల దగ్గర. ఆ కాలం వస్తే మా వైపు ఏ ఇంట్లోనైనా లావు ఎర్ర మిరపకాయలు కాలుస్తారు, చలికాలానికి సీసాల్లో పెట్టడానికి. నల్లగా పైతోలు పొక్కే దాకా కాల్చాలి. పొగ లేకుండా మిరపకాయ కాల్చినవాణ్ణి నేను చూడలేదు. మొదటి బుట్ట కాలుతుండగానే తమ్ముడు అరిచాడు, పర్వాన్ ఇసక బక్కెటుతో ఊడిపడ్డాడు.

"నా మిరపకాయల మీద ఇసక పోశావో, ఆ ఇసక నీ చేత తినిపిస్తాను" అన్నాను.

"బయట కాల్చవే!"

"బయట వాన. నువ్వు గొడుగు పట్టుకుని నిలబడతావా?"

"ఈ ఇంట్లో అసలు మంట నువ్వే అక్కా. నీ మీద ఒక గిన్నె బిగించాలి."

కానీ మర్నాడు నిచ్చెన వేసుకుని వచ్చి, వంటింట్లో పొగ పట్టే గిన్నె తీసేసి, వేడి పట్టేది పెట్టాడు. పొగకి మాట్లాడదు, నిజంగా మంట లేస్తేనే లేస్తుంది. "నీ మాట నెగ్గింది, ఇంక కాల్చుకో" అన్నాడు. అతనికి మొండితనం ఉంది గాని మూర్ఖత్వం లేదు. తేడా తెలిసిన మగాళ్ళు తక్కువ.

దీపాల గదికి మాత్రం ఆ ఉపాయం చెల్లలేదు. పక్క గదుల్లో మనుషులు పడుకుంటారు, పొగ పట్టే గిన్నే ఉండాలి అన్నాడు. మామూలు రోజుల్లో ఒకటో రెండో కొవ్వొత్తులు, వాటికి అది నోరెత్తదు. పెద్దల శనివారం వస్తేనే చిక్కు. ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళంతా తమ తమ పోయినవాళ్ళందరి పేరునా వెలిగిస్తారు. మా ఇంట్లో బతికున్నవాళ్ళకన్నా ఒక్కొక్కరి వెనక పోయినవాళ్ళే ఎక్కువ. ఇసక తొట్టి మైనపు అడవిలా ఉంటుంది. పోయినవాళ్ళ కొవ్వొత్తి ఊది ఆర్పకూడదు. ఆర్పితే ఇంకొకరిని పిలిచినట్టు. దానంతట అదే అయిపోవాలి. అందుకని ఆ శనివారం పర్వాన్ తాళం తిప్పి, ఆ లైను మీట నొక్కి ఆపేవాడు. పసుపు దీపం వెలిగేది. ఆఖరి వత్తి చచ్చేదాకా మధ్యమధ్య వెళ్ళి తొంగి చూసి, తొట్టి చల్లబడ్డాక మళ్ళీ లైను కలిపేవాడు. పసుపు దీపం ఆరేదాకా టీకి కూడా లేచేవాడు కాదు.

ఆ శనివారాల్లోనే అతనికి ఇంకో పని కూడా పడేది. అందరూ కొత్త కాగితాలు తెచ్చి అంటిస్తారు కదా, ముసలివాళ్ళకి పాత గోడే గుర్తు. ఎదుటి గోడ ఉందిరా బాబూ అంటే వినరు. పెట్టె పక్కనా, పెట్టె మీదా అంటించేసి పోయేవారు. ఎవరి కాగితమైనా సరే, దయా దాక్షిణ్యం లేకుండా గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి ఊడదీసి ఎదుటికి మార్చేవాడు. ఒకసారి డైరెక్టరమ్మ తండ్రి కాగితం కూడా మార్చాడు.

పోయిన శీతాకాలం ఆఖరున వచ్చిన పెద్దల శనివారానికి వెసా పోయి మూడేళ్ళు. వెసా చెల్లెలు స్లావ్కా పొద్దున్నే వచ్చింది, నల్ల రుమాలు కట్టుకుని, చేతిలో పళ్ళెమూ సంచీ పట్టుకుని. మూడేళ్ళ కాగితం అచ్చు వేయించింది. సంచీలోంచి తీసి, బావగారి గది పక్కన ఖాళీగా కనబడ్డ చోట చక్కగా జిగురు పెట్టి అంటించింది. చాలావరకు గోడకీ, కింది మూల పెట్టె మీదికీ. ఆకుపచ్చ దీపం కనబడుతోంది. లైను ఆగి ఉందని చెప్పే పసుపుది కాగితం కిందకి పోయింది.

నేను పోయినవాళ్ళ పేరున పంచే ఉడికించిన గోధుమలూ, చక్కెరా అక్రోటు పొడీ కలిపి, పక్కన ఒక గ్లాసు ఎర్ర వైను పెట్టి అతనికి ఇవ్వడానికి వెళ్ళాను. అప్పుడు అతను గిన్నెలో నీళ్ళతో నిలబడి ఉన్నాడు. ఎవరివో రెండు కాగితాలు అప్పటికే తీసి ఎదుటికి మార్చాడు. మూడోదాని ముందు నిలబడ్డాడు. ఫోటోలో వెసా ఇటలీ పోక ముందు మొహం, బుగ్గలున్న మొహం. తడి గుడ్డ పట్టుకున్న చెయ్యి లేచింది. కాగితం అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"అదీ తియ్యి" అన్నాను. "మిగతావాళ్ళ పెళ్ళాలేం పాపం చేశారు?"

పర్వాన్ నవ్వాడు. "నీ నాలికకి తుప్పు పట్టదా అక్కా?"

"రోజూ వాడుతుంటే ఎలా పడుతుంది?"

"రేపు తీస్తాలే. ఇవాళ్టికి ఉండనీ."

గుడ్డ గిన్నెలో పడేశాడు. నేను పళ్ళెం బల్ల మీద పెట్టి పొయ్యి దగ్గరికి పోయాను. అదే నేను చూసింది.

సాయంత్రం స్లావ్కా సమాధి దగ్గరికి రమ్మంది. వెళ్ళాడు. అక్కడ పోయినవాళ్ళ పేరున వైను నేల మీద కొంత పోస్తారు, మిగిలింది తాగుతారు. పర్వాన్ కొంతే పోశాడేమో, మిగిలింది ఎక్కువ అయి ఉంటుంది. తిరిగొచ్చి, తన తరవాత డ్యూటీ మ్లాదెన్‌కి తాళం చెవి ఇచ్చి ఇంటికి పోయాడు. మ్లాదెన్ పెట్టె వైపు చూశాడు. ఆకుపచ్చ వెలుగుతోంది. ఇంకేమీ కనబడలేదు. వెసా నవ్వుతూ కనబడింది.

మర్నాడు ఆదివారం గుడి నుంచి వచ్చినవాళ్ళు, నిన్న మరిచిపోయిన చుట్టాలెవరో గుర్తొచ్చి, మళ్ళీ కొవ్వొత్తులు వెలిగించారు. ఎవరు వెలిగించారో ఇప్పటికీ ఒక్కరూ ఒప్పుకోలేదు. అడిగితే అందరూ నిన్ననే వెలిగించామంటారు. తొట్టి పక్కన అట్టపెట్టె ఉంటుంది, మిగిలిన మైనం ముక్కలు అందులో వేస్తే గుడివాళ్ళు మళ్ళీ కరిగించుకుంటారు. దాన్నిండా నిన్నటి మైనం, కాగితం పూలు. ఒక కొవ్వొత్తి దాని మీదికి ఒరిగింది. ఊది ఆర్పేవాళ్ళు లేరు, ఆర్పకూడదు కదా. అందరూ భోజనాలకి వచ్చేశారు. నేను అప్పుడు గొర్రె మాంసం వడ్డిస్తున్నాను. ఇంటికి ఆ కొసన దీపాల గది, ఈ కొసన భోజనాల గది.

నెవెనా మాత్రం రాలేదు. దీపాల గది పక్క గది ఆవిడది. కాళ్ళు పడిపోయిన మనిషి, భోజనం మంచం మీదికే పంపుతాం. ఎప్పుడూ నాతో పోట్లాడేది, ఉప్పు తక్కువని. ఒకప్పుడు రైళ్ళలో టికెట్లు చూసేది, సిగరెట్లు బాగా కాల్చేది, ఊపిరితిత్తులు పాడై డాక్టరు తిట్టాక మానేసింది. ముందూ వెనకా ఎవరూ లేరు.

పెట్టె అరవలేదు. ఎర్ర దీపం వెలగలేదు. మెట్ల దగ్గర లైనుకి పొగ పాకి అది అరిచేసరికి దీపాల గది వైపు వరండా అంతా నల్లగా ఉంది. మ్లాదెన్ ముందు మెట్ల వైపు పరిగెత్తాడు, కిటికీలో 'మెట్లు' అని కదా ఉంది. పర్వాన్ ఇల్లు మా వీధి చివరే. మంటలార్పే బండి కూత విని, కాళ్ళకి చెప్పులు లేకుండా వచ్చాడు. బండివాళ్ళు వద్దంటున్నా లోపలికి దూరాడు. నెవెనాని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని బయటికొచ్చాడు. ఆవిడ ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు. జుట్టు కూడా కాలలేదు. పొగ పీల్చి పోయింది. అతను ఆవిణ్ణి మంచు మీద పడుకోబెట్టి, లేపడానికి బుగ్గల మీద కొడుతూనే ఉన్నాడు. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని ఆపాను.

బండివాళ్ళు కరెంటు కోసేశారు. పైన కొట్టిన నీళ్ళన్నీ నేలమాళిగలోకి దిగి, అన్న మునిగిపోయాడు. తమ్ముడి మొహం చచ్చింది. ఏ లైను ఆగి ఉందో చెప్పే దీపం ఒక్కటీ మిగల్లేదు. విచారణ వాళ్ళు వచ్చేలోగా వెసా కాగితం కూడా గోడ మీద లేదు. డైరెక్టరమ్మ గోళ్ళ సందుల్లో జిగురు నేను చూశాను. గోడ మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్న మనిషి.

ఆవిడ మమ్మల్నందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టింది. గోడలు పొగ కంపు కొడుతున్నాయి.

"నెవెనా సిగరెట్లు కాల్చేదని అందరికీ తెలుసు" అంది. "మంచం మీదే ముట్టించుకుంది. దుప్పటి అంటుకుంది. అంతే."

"ఆవిడ మానేసింది కదమ్మా" అన్నాను.

"దొంగచాటుగా కాలుస్తుందేమో నువ్వు కాపలా కాశావా గీనా? పోయినావిణ్ణి జైల్లో పెట్టరు. బతికున్నవాణ్ణి పెడతారు. ఇల్లు మూసేస్తారు. దెల్చో తాతని ఎక్కడో కొండల్లో ఇంకో ఇంటికి పంపుతారు. నిన్ను ఎక్కడికీ పంపరు, వీధిలోకి పంపుతారు. ఆలోచించుకో."

దెల్చో తాత నేల చూపులు చూస్తూ, "కాల్చేది" అన్నాడు. "ఒకసారి నాకూ వాసన వచ్చినట్టే ఉంది." ఆ ముక్క అన్నాక ఏడ్చాడు. అతని పక్కావిడ కూడా కాల్చేదంది. మ్లాదెన్ ఇంకా గట్టిగా కాల్చేదన్నాడు, అతనికి ఇద్దరు పిల్లలు. తిట్టడానికి నాకు ఎవరూ మిగల్లేదు. అందరూ భయపడ్డవాళ్ళే.

పర్వాన్ లేచి నిలబడ్డాడు. "లైను ఆపింది నేను. కలపలేదు" అన్నాడు.

"కూర్చో పర్వాన్" అంది డైరెక్టరమ్మ, చంటిపిల్లాడికి చెప్పినట్టు. "నీకు బాగా లేదు. అందరికీ తెలుసు."

విచారణకి వచ్చిన కుర్ర పోలీసు దగ్గరికి పర్వాన్ తనంతట తానే పోయాడు. అంతా చెప్పాడు, మీట, తాళం, కాగితం. ఆ అబ్బాయి మర్యాదగానే విన్నాడట. కానీ అతనికి ముందే డైరెక్టరమ్మ చెప్పి ఉంచింది, పాపం భార్య పోయినప్పటి నుంచి మతి చలించింది, ప్రతి చావుకీ తనే కారణం అనుకుంటాడు అని. "ఇంటికెళ్ళి పడుకోండి పెద్దాయనా" అని భుజం తట్టి పంపాడట. ఈ దేశంలో నేరం ఒప్పుకున్నవాణ్ణి నమ్మడానికి కూడా సాక్షి కావాలి.

నెవెనాని పాతిపెట్టిన రోజు ఎవరూ కాగితం అచ్చు వెయ్యలేదు. వేస్తే ఏమని వెయ్యాలి? ఊళ్ళో అప్పటికే ఆవిడ మాట పాకిపోయింది. రొట్టెల కొట్లో ఒకావిడ నాతోనే అంది, "ముసలి వయసులో ఆ సిగరెట్లేమిటి, ఇంకెంతమందిని తగలబెట్టేదో" అని. నేను రొట్టె అక్కడే వదిలేసి వచ్చాను.

ఆ సాయంత్రం వంటింటి వెనక మెట్ల మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తుంటే పర్వాన్ వచ్చాడు. గడ్డం పెరిగి, చొక్కాకి పొగ మరక అలాగే ఉండి, శవంలా ఉన్నాడు. పులుసు తింటావా అంటే వద్దన్నాడు. మెట్టు మీద కూర్చున్నాడు.

"రేపు నిన్ను పిలుస్తారు అక్కా."

"తెలుసు."

"ఏం చెప్తావు?"

"అది నీకెందుకు?"

"డైరెక్టరమ్మ చెప్పమన్నదే చెప్తావా?"

"నేను ఎవరు చెప్పమన్నదీ చెప్పను. ఆ సంగతి నీకు ఇన్నాళ్ళకీ తెలీలేదా? కానీ నీ మెడకి ఉరి నా చేత పేనించకు. ఆవిడ పోయింది పర్వాన్. పోయినావిడకి ఏ మాటైనా ఒకటే."

"ఒకటి కాదు" అన్నాడు.

కాసేపు ఒలిచిన పొరలు ఏరి బుట్టలో వేశాడు.

"ఓడల్లో పని చేసేటప్పుడు మా మేస్త్రీ ఒక మాట అనేవాడు. నిప్పు ఎక్కడ పుట్టిందో అబద్ధం చెప్పినవాడు రెండోసారి అంటిస్తాడు అని. నాకు జైలంటే భయం లేదు అక్కా. ఇంట్లో ఎవరున్నారని? నెవెనా ఎప్పుడూ నన్ను కిటికీలోంచి పిలిచేది, పర్వాన్, దీపాలు పని చేస్తున్నాయా అని. చేస్తున్నాయమ్మా, పడుకో అనేవాణ్ణి. ఇప్పుడు ఊరంతా ఆవిడే అంటించుకుందని చెప్పుకుంటోంది. నేను బజార్లోంచి నడుచుకుంటూ రాలేకపోతున్నాను. అందరూ నన్ను చూసి పాపం అంటున్నారు. నన్ను!"

ఒలుస్తున్న ఉల్లిపాయ నా చేతిలోనే ఉంది.

"నా మాట నమ్మరు. నువ్వు చూశావు. నా చెయ్యి లేవడం చూశావు, ఆగిపోవడం చూశావు, తియ్యమని నువ్వే అన్నావు. నీ మాటకి ఊళ్ళో ఎదురు లేదు, నువ్వు ఎవరి మొహం చూసీ మాట్లాడవని అందరికీ తెలుసు. రేపు వాళ్ళ ముందు నాకోసం ఏడవకు. మంచివాడనీ చెప్పకు, పెళ్ళాం పోయిన బాధలో ఉన్నాడనీ చెప్పకు. ముందు నెవెనా సిగరెట్టు ముట్టుకోలేదని చెప్పు. అది రాసుకునేదాకా కుర్చీలోంచి లేవకు. అది రాశాక, నా సంగతి చెప్పు."